నాలుగు క్రెడిట్ బ్యూరోల ఉచిత రిపోర్టులు: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

మన లోన్లు, వాయిదాల చరిత్రను నమోదు చేసే క్రెడిట్ బ్యూరోలు మన దేశంలో నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధన 2017లో అమల్లోకి వచ్చింది. బెంగళూరులో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నాలుగూ తీసి చూసుకుంటున్నాను. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు (అప్పు తీర్చే తీరుకి వేసే మార్కు) తగ్గదు, ఆ భయం అక్కర్లేదు. చాలామంది 300 నుంచి 900 మధ్య ఉండే ఆ ఒక్క అంకె చూసి ఊరుకుంటారు. అసలు సంగతంతా లోపలి పేజీల్లో ఉంటుంది.

వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్ కోసం హోమ్ లోన్‌కి సిద్ధమవుతున్నప్పుడు రెండు రిపోర్టుల్లో నాది కాని టూ వీలర్ లోన్ కనిపించింది. మిగతా రెండింటిలో దాని జాడే లేదు. నా లోన్లన్నిటికీ నెలనెలా గడుల్లో 000 ఉంటే, దానికి మాత్రం 030, 060, 090 అని పెరుగుతూ పోయింది. వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో చెప్పే అంకెలవి. ఎంత టెన్షన్ పడ్డానో!

మన పేర్లతో ఈ చిక్కు ఎక్కువే. పాన్‌లో ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు, ఆఫీసు రికార్డులో ఒట్టి ఇనీషియల్. అలాంటి పేరే ఉన్న ఇంకొకరి లోన్‌కి ఆ ఫైనాన్స్ కంపెనీ వాళ్లు నా పాన్ నంబరు ఎక్కించారు.

బ్యూరో సైట్‌లో డిస్ప్యూట్ (ఈ వివరం తప్పన్న అభ్యంతరం) పెట్టాను. బ్యూరో సొంతంగా ఏమీ మార్చదు, లోన్ ఇచ్చినవాళ్లను అడుగుతుంది. మొదట వచ్చిన జవాబు ‘వివరాలు సరైనవే’ అని. అక్కడితో ఆగిపోయుంటే ఆ మచ్చ అలాగే ఉండిపోయేది. ఫైనాన్స్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కే నేరుగా మెయిల్ రాశాను. పాన్ కాపీ, రిపోర్టులోని ఆ పేజీ జత చేసి, ఆ లోన్ అప్లికేషన్, దాంతో తీసుకున్న కేవైసీ కాగితాలు చూపించమని అడిగాను. కదలిక వచ్చింది అప్పుడే. సరిచేశామని వాళ్లు రాసిచ్చారు. ఒక బ్యూరోలో ఎంట్రీ పోయింది, రెండోదాంట్లో పోలేదు. ఆ లెటర్ జత చేసి అక్కడ విడిగా మళ్లీ డిస్ప్యూట్ పెడితే గానీ తీయలేదు. అందుకే ఒక్క రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండొద్దంటాను.

ఇప్పుడు నిబంధనలు మనవైపే ఉన్నాయి. ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి, ఇది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఫిర్యాదు తోసిపుచ్చితే కారణం చెప్పాలి. అప్పటికీ న్యాయం జరగకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా రాసుకోవచ్చు. బ్యూరోలు కూడా 2022 నుంచి ఆ పరిధిలోకి వచ్చాయి. బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలన్న నియమం 2025 జనవరిలో మొదలైంది కాబట్టి, లోన్ తీరిపోతే రిపోర్టులోనూ త్వరగానే ‘క్లోజ్డ్’ అని పడాలి. ‘సెటిల్డ్’ అని పడితే మాత్రం వదలొద్దు. బాకీలో కొంత మాఫీ చేయించుకుని ముగించారని దానర్థం. పైసాతో సహా కట్టినవాళ్లకు అది అన్యాయం. బాకీ లేదని లోన్ ఇచ్చినవాళ్లు రాసిచ్చే ఎన్ఓసీ జత చేసి వెంటనే డిస్ప్యూట్ పెట్టండి.

డబ్బు తీసుకుని స్కోరు పెంచుతామనే ఏజెంట్ల జోలికి పోకండి. నిజమైన తప్పును సరిచేయించుకోవడానికి ఒక్క రూపాయీ ఖర్చు కాదు.

నాకున్న అసంతృప్తి ఒకటే. ఉచిత రిపోర్టు లింకు సైట్‌లో స్పష్టంగా కనబడేలా పెట్టాలని 2023లోనే రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. అయినా నెలవారీ ప్లాన్ల ప్రకటనలు దాటుకుంటూ వెతుక్కోవాల్సి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఊళ్లో ఉన్న మా నాన్నగారికి ఆ లింకు ఫోన్‌లో చెప్పి తెరిపించడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.