తేదీతో బిగించే ఏపీఐ వెర్షన్: ఏళ్ల తరబడి వాడిన తరువాత

ఏపీఐ (ఒక ప్రోగ్రాం మరొకదానితో మాట్లాడే పద్ధతి) వెర్షన్ సంఖ్యను యూఆర్‌ఎల్‌లో పెట్టాలా, హెడర్‌లో (అభ్యర్థనతో పాటు వెళ్లే అదనపు సమాచారంలో) పెట్టాలా అన్న పాత వాదం జోలికి నేను వెళ్లడం లేదు. ఒక్క సదుపాయం గురించే రాస్తున్నాను. మన ఖాతాను ఒక తేదీ గల వెర్షన్‌కు బిగించి, మనంతట మనం మార్చుకునే వరకు సర్వర్ జవాబుల రూపాన్ని మార్చకుండా ఉంచే పద్ధతి అది. ఇతరుల సర్వీసులకు క్లయింటుగా, అంటే వాటిని వాడుకునే వైపున ఉండి, దీన్ని ఏళ్ల తరబడి వాడాను. ఆ అనుభవంతోనే మా సర్వీసులోనూ ప్రవేశపెట్టాము. ఇంతగా మెచ్చిన పద్ధతి నాకు మరొకటి లేదు.

ఇందులో నాకు నచ్చినది, మార్పు ఎప్పుడు జరగాలో నిర్ణయించే అధికారం క్లయింటు చేతిలో ఉండటం. సంఖ్యల పద్ధతిలో వీ1 నుంచి వీ2కు మారాలంటే పేరుకుపోయిన మార్పులన్నీ ఒకేసారి మీద పడతాయి. తేదీల పద్ధతిలో ఒక్కొక్క మార్పును విడిగా చదివి, విడిగా పరీక్షించి ముందుకు జరగవచ్చు. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ స్ట్రైప్ 2011 నుంచి వచ్చిన ప్రతి వెర్షన్‌తోనూ అనుకూలత నిలుపుకున్నామని 2017లో రాసినప్పుడు, అది ఎంత శ్రమతో కూడిన మాటో క్లయింటు కోడ్ రాసిన వారందరికీ అర్థమై ఉంటుంది. కోడ్ భద్రపరిచే సర్వీసు గిట్‌హబ్ కూడా తన రెస్ట్ (వెబ్ అభ్యర్థనలతో నడిచే) ఏపీఐకి 2022-11-28 అనే తేదీతో ఇదే దారి పట్టి, కొత్త వెర్షన్ వచ్చాక పాతదానిని కనీసం 24 నెలలు నిలుపుతామని హామీ ఇచ్చింది.

అయితే ఈ బిగింపు ఎక్కడి వరకు పనిచేస్తుందో నాకు తెలిసివచ్చింది వెబ్‌హుక్‌ల (ఏదైనా జరిగినప్పుడు సర్వర్ మనకు పంపే సందేశాల) దగ్గర. మేము వాడుతున్న ఒక చెల్లింపుల సర్వీసు కొత్త వెర్షన్‌లో మొత్తాన్ని చూపే ఫీల్డ్ రూపాన్ని మార్చింది. అంతకుముందు ఒక అంకెగా ఉన్నది ఇప్పుడు అంకె, కరెన్సీ రెండూ ఉన్న ఆబ్జెక్టు అయింది. ఆ సర్వీసులో ప్రతి అభ్యర్థనకూ హెడర్‌లో తేదీ పంపే వీలు ఉండటంతో, ఖాతాను కదిలించకుండా మా కోడ్‌ను మాత్రమే కొత్త తేదీకి మార్చాము. పరీక్షలన్నీ నెగ్గాయి, జవాబులన్నీ కొత్త రూపంలోనే వచ్చాయి. కానీ వెబ్‌హుక్ మనం పంపే అభ్యర్థనకు జవాబు కాదు. దానిని సర్వర్ తనంతట తానే పంపుతుంది కనుక, చూసి నడుచుకోవడానికి దానికి మన హెడర్ ఉండదు. అందువల్ల అది ఖాతాలో నమోదైన పాత తేదీ రూపంలోనే వచ్చింది. కొత్త ఫీల్డ్ కోసం వెతికిన మా హ్యాండ్లర్ (వెబ్‌హుక్‌ను అందుకునే కోడ్) అది దొరకక 500 అనే సర్వర్ లోపం కోడ్‌ను తిరిగిచ్చింది. అవతలి సర్వర్ కొంత విరామం ఇస్తూ మళ్లీ మళ్లీ పంపి, చివరకు మా ఎండ్‌పాయింట్‌ను (వెబ్‌హుక్‌లు చేరే చిరునామాను) తనే నిలిపివేసింది. దానితో ఈ మార్పుతో ఏ సంబంధమూ లేని ఇతర సమాచారం కూడా ఆగిపోయింది. డబ్బు చెల్లించినవారి ఆర్డర్లు మా డేటాబేసులో పెండింగులోనే ఉండిపోయాయి. వెబ్‌హుక్‌లు ఏ వెర్షన్‌ను అనుసరిస్తాయన్న మాట వారి పత్రాలలో వెర్షన్ల పేజీలో లేదు, మరోచోట ఒక్క వాక్యంగా ఉంది. క్లయింటును కాపాడటానికే పుట్టిన సదుపాయం గురించి ఇంత ముఖ్యమైన విషయాన్ని అలా పక్కన పెట్టడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

మమ్మల్ని ఒడ్డున పడేసింది కూడా అదే సర్వీసులోని మరో చిన్న ఏర్పాటు. ప్రతి ఈవెంటు (వెబ్‌హుక్‌లో వచ్చే సందేశం) మీద అది ఏ తేదీ రూపంలో తయారైందో రాసి ఉంటుంది. హ్యాండ్లర్ ముందుగా ఆ తేదీని చదివి, దానికి తగిన పార్సర్‌కు (ఆ రూపాన్ని చదివే కోడ్‌కు) అప్పగించేలా మార్చాము. తరువాత కొత్త తేదీతో రెండవ ఎండ్‌పాయింట్ తెరిచి, కొంతకాలం రెండింటినీ నడిపి, ఒకే ఈవెంటు రెండుసార్లు అమలు కాకుండా దాని ఐడీని సరిచూసుకుంటూ పాతదానిని మూసివేశాము. ఈవెంటు పుట్టినప్పటి రూపమే దానికి చివరి వరకు ఉంటుంది కనుక, మళ్లీ పంపబడే పాత ఈవెంట్ల కోసం పాత పార్సర్‌ను వెంటనే తీసివేయకూడదు.

మా సర్వీసులో దీన్ని అమలు చేశాక నా మెప్పుకు మరికొన్ని షరతులు చేరాయి. ప్రధాన కోడ్‌కు తాజా రూపం ఒక్కటే తెలియాలి. పాత తేదీ కోరినవారికి జవాబును ఒక్కొక్క మెట్టు వెనక్కి మార్చే చిన్న మాడ్యూళ్లు ఉండాలి. ఫీల్డు పేరు మారినప్పుడు ఈ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. సర్వర్ ప్రవర్తనే మారినప్పుడు, ఉదాహరణకు వెంటనే జరిగే పని క్యూలోకి వెళ్లినప్పుడు, జవాబును ఎంత మార్చినా పాత అనుభవం తిరిగి రాదు. స్టేటస్ ఫీల్డులో కొత్త విలువ చేర్చడాన్ని చాలా సర్వీసులు పాత క్లయింట్లను చెడగొట్టని మార్పుగానే లెక్కిస్తాయి. తెలియని విలువ చూడగానే ఆగిపోయే క్లయింటును ఏ తేదీ కూడా కాపాడదు. ఇక పాత వెర్షన్ మూసే రోజును తెలిపే సన్‌సెట్ హెడర్ 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8594 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. మేమూ పంపుతున్నాము, కానీ దానిని చదివే క్లయింటు నాకు అరుదుగానే తారసపడింది. ఏ క్లయింటు ఏ తేదీ వాడుతున్నాడో ప్రతి అభ్యర్థనకూ లాగ్‌లో నమోదు చేసి, మిగిలినవారికి నేరుగా రాయడమే ఫలితాన్నిచ్చింది.

మా క్లయింట్లలో అధికభాగం మొబైల్ యాప్‌లు. పాత యాప్‌ను ఎప్పుడు అప్‌డేట్ చేయాలో ఫోన్ యజమాని చేతిలో ఉంటుంది. కాబట్టి మాకు ఈ ఖర్చు గిట్టుబాటైంది. సర్వర్, క్లయింటు రెండూ ఒకే బృందం చేతిలో ఉండి, రెండింటినీ ఒకే రోజు డిప్లాయ్ చేయగలిగేవారికి నేను దీన్ని సూచించను; ఫీల్డులను చేర్చుతూ, పాతవాటిని కొంతకాలం ఉంచి తీసివేయడం వారికి సరిపోవచ్చు. వెబ్‌హుక్‌లు పంపే సర్వీసు నడిపేవారు మాత్రం ఈవెంటు మీద తేదీ రాయడం మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నాను. ఆ తేదీ లేకుండా ఇప్పటికే వెళ్లిపోయిన ఈవెంట్లకు దానిని తరువాత చేర్చే మార్గం ఉండదు.