5జీ ఇంటి ఇంటర్నెట్: ఏడిపించింది స్పీడ్ కాదు, పింగ్

రాజమండ్రి శివార్లలో ఉన్న మా వీధికి ఫైబర్ ఇంకా రాలేదు. అందుకని 5జీ వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నాం. మేడ మీద రేడియో యూనిట్, దాని నుంచి ఇంట్లో రౌటర్‌కి ఒక ఈథర్నెట్ వైరు. ప్లాన్ 100 ఎంబీపీఎస్, నెలకి 1000 జీబీ. ఏడాది దాటింది. నా ఆఫీసు పని, పిల్లల క్లాసులు, టీవీ అన్నీ దీని మీదే.

స్పీడ్ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. పొద్దున పూట 90 పైనే వస్తుంది. రాత్రి ఎనిమిది దాటాక చుట్టుపక్కల వాళ్లంతా అదే టవర్ మీద పడతారు కాబట్టి 40కి, ఒక్కోసారి 30కి దిగుతుంది. అయినా హెచ్‌డీ సినిమాకి 5 ఎంబీపీఎస్ సరిపోతుంది.

ఏడిపించింది లేటెన్సీ, అంటే మనం పంపింది సర్వర్‌కి వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం. దాన్ని కొలిచి చెప్పేదే పింగ్. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు హైదరాబాద్ సర్వర్‌కి పింగ్ 25, 30 మిల్లీసెకన్లు. ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేయడం మొదలుపెట్టిందంటే అదే పింగ్ 300 దాటేది. మీటింగ్‌లో నేను మాట్లాడుతుంటే "వాయిస్ కట్ అవుతోంది" అనేవాళ్లు. ఆ క్షణంలో స్పీడ్ టెస్ట్ చేస్తే డౌన్‌లోడ్ బ్రహ్మాండంగా కనిపించేది!

కారణం ఇది. మన దగ్గర 5జీకి ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో డౌన్‌లోడ్‌కీ అప్‌లోడ్‌కీ వేరే ఫ్రీక్వెన్సీలు ఉండవు. ఒకదాన్నే వంతుల వారీగా వాడుకుంటాయి, అందులో అప్‌లోడ్ వాటా తక్కువ. ఆ సన్నదారిలోకి బ్యాకప్ డేటా వచ్చి పడితే మేడ మీది యూనిట్‌లోని మోడెమ్ దాన్ని పారేయకుండా వరుసలో పేర్చుకుంటుంది. నా మాట ఆ వరుస చివర నిలబడుతుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు.

నాకు పని చేసినవి రెండు. బిగించడానికి వచ్చినతను యూనిట్‌ని వైరు దగ్గరయ్యే గోడకి పెట్టి వెళ్లాడు. మళ్లీ పిలిపించి, వాటర్ ట్యాంకు అడ్డం లేకుండా టవర్ వైపు తిప్పించాం. సిగ్నల్ మెరుగయ్యాక రాత్రి స్పీడ్ కూడా కాస్త నిలకడగా ఉంది. అసలు తేడా మాత్రం ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఉన్న రౌటర్‌లో ఎస్‌క్యూఎం అనే, ఈ వరుసని అదుపులో పెట్టే సెట్టింగ్ ఆన్ చేశాకే. లైన్ ఇవ్వగలిగిన దానికంటే కొంచెం తక్కువకి రౌటరే లిమిట్ పెడుతుంది, దాంతో మోడెమ్‌లో వరుస పేరుకోదు. చిక్కల్లా వైర్‌లెస్‌లో ఆ "ఇవ్వగలిగినది" గంటగంటకీ మారడమే. అందుకే అప్‌లోడ్ లిమిట్‌ని రాత్రి వచ్చే కనీస స్పీడ్ చూసి పెట్టాను. పగలు కొంత స్పీడ్ పోతుంది, పోనీ. బ్యాకప్ నడుస్తున్నా పింగ్ ఇప్పుడు 60 లోపే. మీటింగ్ టెన్షన్ పోయింది.

మీరూ కొలిచేటప్పుడు రాత్రి తొమ్మిదికి, ఒక పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టి కొలవండి. ఫాస్ట్ డాట్ కామ్‌లో లోడ్ లేనప్పటి లేటెన్సీ, లోడ్ ఉన్నప్పటిది వేరువేరుగా చూపిస్తుంది. అయితే అమెరికా సర్వర్లకి 200 పైన పింగ్ వస్తే కనెక్షన్‌ని తిట్టకండి, అది దూరం వల్ల వచ్చేది, ఫైబర్‌కి మారినా పెద్దగా తగ్గదు.

వాన పడితే నెట్ పోతుందని మా వీధిలో అందరూ అంటారు. ఈ ఫ్రీక్వెన్సీని వాన పెద్దగా ఆపలేదు. మాకు పోయినప్పుడల్లా పోయింది కరెంటే. రౌటర్‌కీ మేడ మీది యూనిట్‌కీ కలిపి చిన్న యూపీఎస్ పెట్టాక, టవర్‌కి కరెంటు ఉన్నంతసేపూ గాలివానలోనూ మీటింగ్ ఆగడం లేదు.