కీళ్ళవాతం గురించి ఫోన్‌లో ఏడాది మాట్లాడాక: ఏది పని చేసింది, ఏది చేయలేదు

రుమటాయిడ్ ఆర్థరైటిస్, మన వాడుకలో కీళ్ళవాతం, నాకు వచ్చి ఆరేళ్ళు దాటింది. మాది నల్గొండ జిల్లా మిర్యాలగూడ, రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. పుట్టిల్లు మర్రిగూడ వైపు. కిందటేడు అక్టోబర్ 12న, ప్రపంచ ఆర్థరైటిస్ దినం నాడు, వాట్సాప్ స్టేటస్‌లో నా జబ్బు పేరు పెట్టాను. ఆ రోజు నుంచి వాట్సాప్, యూట్యూబ్, ఫేస్‌బుక్ మూడూ వాడుతూ మన జిల్లా వాళ్ళకు ఈ జబ్బు గురించి చెబుతున్నాను. "అక్కా, నేను కూడా మొదలుపెడదామనుకుంటున్నా, ఏమంటవు?" అని అడిగే పేషెంట్లు కొందరున్నారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ పని చేయదగ్గదే. అయితే నాకు గట్టిగా కనబడిన ప్రయోజనం ఒక్కటే: వాపు మొదలైన తొలి నెలల్లోనే మనిషి సరైన డాక్టర్ దగ్గరికి చేరడం. వ్యూస్, లైకులు, ఓదార్పు మాటలు అన్నీ దాని తర్వాతే. మన రోగనిరోధక శక్తే దారి తప్పి కీళ్ళ లోపలి పొర మీద దాడి చేయడం ఈ జబ్బు. ఆ పొర వాచి, మెల్లగా మృదులాస్థిని, పక్కనున్న ఎముకను తినేస్తుంది. తినేసిన ఎముకను ఏ మందూ తిరిగి తేలేదు. మొదటి ఆరు నెలల్లోపు మందు పడితే మాత్రం చాలామంది మామూలుగా వంట చేసుకుంటారు, ఉద్యోగం చేసుకుంటారు. నేను ఇప్పటికీ మిల్లులో కూర్చుని పని చేయగలుగుతున్నానంటే తొందరగా మందు పడటమే కారణం.

మన జిల్లాలో ఈ తొందరకు అడ్డం పడేది ఫ్లోరైడ్. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే బయటి జిల్లాల వాళ్ళు చేసే వీడియోల్లో ఈ ముక్క ఉండదు.

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు పుట్టిన వాళ్ళకు ఒళ్ళు నొప్పులంటే ముందు గుర్తొచ్చేది బోరు నీళ్ళే. "ఫ్లోరిన్ నీళ్ళు తాగినంక నొప్పులు రాకుంటే ఏమొస్తయి" అంటారు మా అమ్మ తరం వాళ్ళు. వాళ్ళు చూసింది అది. నడుము వంగిపోయిన మనుషులను, కాళ్ళు వంకరైన పిల్లలను కళ్ళారా చూశారు. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు వచ్చిన రోజులున్నాయి. పటిక, సున్నం వేసి నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970ల్లో నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేస్తే, దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పడింది. మన జిల్లా పేరు దేశమంతా తెలిసింది ఇలా. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వచ్చాయి, కృష్ణా నీళ్ళు తాగుతున్నారు. కానీ నొప్పి అనగానే ఫ్లోరైడ్ అనే అలవాటు మాత్రం పోలేదు.

దాంతో ఏమవుతుందంటే, కీళ్ళవాతం మొదలైన ముప్పై అయిదేళ్ళ ఆమె కూడా "ఇది నీళ్ళ జబ్బు, దీనికి మందు లేదు" అనుకుని ఊరుకుంటుంది. ఫ్లోరోసిస్‌తో, అంటే ఆ ఫ్లోరైడ్ నీళ్ళ జబ్బుతో, బిగుసుకుపోయిన ఎముకలకు తిరిగి బాగుచేసే మందు లేదన్నది నిజమే. కీళ్ళవాతానికి మందు ఉంది. ఈ రెండింటినీ విడదీసి చెప్పడమే ఏడాదిలో నేను చేసిన ముఖ్యమైన పని అనుకుంటున్నాను.

ఆ తేడా ఇలా చెబుతాను. ఫ్లోరోసిస్ ఏళ్ళ తరబడి మెల్లగా వస్తుంది. ఎక్కువగా మెడ, వెన్ను, తుంటి బిగుసుకుంటాయి. చిన్నప్పటి నుంచి ఆ నీళ్ళు తాగి ఉంటే పళ్ళ మీద గార మచ్చలుంటాయి. ఎక్స్‌రేలో ఎముక మామూలు కంటే తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. కీళ్ళవాతం చాలాసార్లు చేతి వేళ్ళ మెటికల్లో, మణికట్టులో, కాలి వేళ్ళ మొదళ్ళలో మొదలవుతుంది. రెండు చేతులకూ వస్తుంది. ముట్టుకుంటే మెత్తగా, వెచ్చగా వాపు తెలుస్తుంది. నీరసం ఉంటుంది, సన్నగా జ్వరం కూడా రావచ్చు. గోరు దగ్గరి కణుపుల జోలికి సాధారణంగా రాదు. రెండు జబ్బులూ ఒకే మనిషికి ఉండొచ్చు కూడా, అందుకే తేల్చాల్సింది డాక్టరే.

ఇంత వివరం చెప్పినా జనానికి గుర్తుండేది ఒక్క ప్రశ్న. "పొద్దున లేచినంక వేళ్ళు ఎంతసేపటికి వదులైతున్నయి? చాయ్ పెట్టేసరికి సర్దుకుంటున్నయా, పిల్లలు బడికి పోయినంక కూడా పట్టేసే ఉంటున్నయా?" వయసుతో అరిగిన కీళ్ళయితే అరగంటలోపే వదులవుతాయి. కీళ్ళవాతంలో గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నిమిషాల్లో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఇంటి పనుల్లో అడిగితే టక్కున చెప్పారు. ఈ ఒక్క ప్రశ్నతో చేసిన వాయిస్ మెసేజ్ ఎన్ని గ్రూపులు తిరిగిందో నాకే తెలియదు. మహబూబ్‌నగర్ నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి కూడా "ఇది మీ గొంతేనా?" అని ఫోన్లు వచ్చాయి.

హాలియా వైపు నుంచి ఒక చెల్లె ఆ మెసేజ్ విని తన చేతుల ఫొటో పంపింది. గాజులు తీసేసి ఉన్నాయి. పిడికిలి బిగించి తీయమన్నాను. మనం పిడికిలి బిగిస్తే మెటికల మధ్య పల్లాలు కనబడతాయి కదా, ఆమెకు చూపుడు వేలు, మధ్య వేలు మొదట్లో అవి పూడిపోయి ఉన్నాయి, రెండు చేతులకూ. పత్తి ఏరడానికి పోతే వేళ్ళు వంగడం లేదట. అంతకుముందే ఒకచోట రక్తపరీక్ష చేసి, ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చింది కాబట్టి వాతం లేదని పంపించేశారు. ఆ పరీక్ష నెగటివ్ వచ్చినా జబ్బు ఉండొచ్చు. అయిదుగురు పేషెంట్లలో కనీసం ఒకరికి అది నెగటివ్‌గానే వస్తుంది. ఆ సంగతి చెప్పి, రుమటాలజిస్ట్‌కు, అంటే కీళ్ళవాతం చూసే డాక్టర్‌కు, చూపించమన్నాను. హైదరాబాద్‌లో కీళ్ళవాతాన్ని పట్టే ఇంకో రక్తపరీక్ష, యాంటీ సీసీపీ, చేస్తే పాజిటివ్ వచ్చింది. వాపు మొదలై అప్పటికి నాలుగు నెలలే. ఇప్పుడు ఆమె మందుల మీద ఉంది, ఈ సీజన్‌లో చేనుకు పోతోంది. నాకు ఏడాది మొత్తంలో ఇంతకంటే తృప్తి ఇచ్చింది లేదు.

ఫొటో చూసి జబ్బు పేరు చెప్పే పని నేను ఎప్పుడూ చేయను, మీరూ చేయకండి. "ఇది చూపించుకోవాల్సిన వాపు" అనడం వరకే మన పని. ఎవరికి చూపించాలో చెప్పడం కూడా మన పనే. మన దగ్గర కీలు నొప్పి అంటే నేరుగా బొక్కల డాక్టర్ దగ్గరికే పోతారు. రుమటాలజిస్ట్ అనే డాక్టర్ ఉంటారని చాలామందికి తెలియదు. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో ఆ విభాగం ఉందని, ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు ఆ పేరే చెప్పాలని నేను ప్రతి మెసేజ్ చివర చెబుతాను.

ఇక మందుల సంగతి. కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ గోలీలు రాసిచ్చిన రోజు రాత్రే ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్‌లో వెతుకుతారు, క్యాన్సర్ మందు అని కనబడుతుంది, మర్నాటికి గోలీలు డబ్బాలో పడి ఉంటాయి. ఈ భయానికి నేను చెప్పే జవాబు యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ. 1895లో భీమవరంలో పుట్టి అమెరికా వెళ్ళిన ఆయన, లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడు ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, మెథోట్రెక్సేట్‌నూ తయారుచేసింది. మన చీటీ మీద పక్కపక్కన ఉండే రెండు గోలీలూ అక్కడివే. క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు వేరు, చాలా ఎక్కువ. మనకిచ్చేది వారానికి ఒక్కసారి, కొద్ది మోతాదులో. అమెరికాలో కీళ్ళవాతానికి దీన్ని 1988లో అనుమతించారు, ఇప్పుడు ప్రపంచమంతా డాక్టర్లు ముందుగా ఆలోచించే మందు ఇదే. తెలుగాయన అని చెప్పగానే వినేవాళ్ళ ముఖం మారడం వీడియో కాల్‌లో ఎన్నోసార్లు చూశాను.

వారానికి ఒక్కసారి అన్న మాటను మాత్రం అరిచి చెప్పినట్టు చెప్పాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పుండ్లు పడుతుంది. నేను "ఆదివారం గోలి" అని పేరు పెట్టి ప్రతి ఆదివారం స్టేటస్ పెడతాను. డాక్టర్ వేరే రోజు చెప్పిన వాళ్ళు వారంలో ఆ ఒక్క రోజే వేసుకోవాలి. ఇది పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుందని, మధ్యలో లివర్, కిడ్నీ, రక్తకణాల పరీక్షలు తప్పవని, తాగే అలవాటు ఉంటే డాక్టర్‌కు దాచకూడదని కూడా చెబుతాను. మందుల గురించి చెప్పే ప్రతి వాయిస్‌నూ నన్ను చూసే డాక్టరమ్మకు వినిపించాకే బయటికి వదులుతాను. ఆమె టైం ఇవ్వని వారం మందుల మాట ఎత్తను.

ఏ యాప్ ఎలా ఉందో కూడా అడుగుతున్నారు కాబట్టి చెబుతాను. అన్నిట్లోకీ వాట్సాప్ వాయిస్ మెసేజ్ మేలు. రెండు నిమిషాలు దాటకూడదు. చదువురాని అత్తమ్మ కూడా వింటుంది, రోటీ చేసుకుంటూ కోడలూ వింటుంది. మన వైపు నుంచి చూసినా, వేళ్ళు వాచిన రోజు టైప్ చేయలేం, మైకు నొక్కి మాట్లాడటమే సుఖం. గ్రూపు పెట్టొద్దు. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. పెళ్ళికాని ఆడపిల్లల తల్లులు "మా బిడ్డ పేరు బయటికి రానీయకమ్మా" అని బతిమాలతారు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు అయితే ఎవరి నంబర్ ఎవరికీ తెలియదు. కాకపోతే మన నంబర్ సేవ్ చేసుకున్న వాళ్ళకే మెసేజ్ చేరుతుంది, అది ముందే చెప్పాలి.

యూట్యూబ్‌లో బిగుసుకున్న సీసా మూత తీసే చిట్కా వీడియోకే ఎక్కువ వ్యూస్ వచ్చాయి. ఆదివారం గోలి వీడియో చూసింది చాలా తక్కువ మంది, కానీ ఫోన్ చేసి అడిగింది వాళ్ళే. వ్యూస్ చూసి ఏం మాట్లాడాలో నిర్ణయించుకోవద్దని నా గట్టి అభిప్రాయం. ఇంగ్లీషు పోస్టర్లను తెలుగులోకి మార్చి పెడితే ఎవరూ ఆగి చూడలేదు. మగవాళ్ళను చేరడం నాకు చేతకాలేదు. ఈ జబ్బు ఆడవాళ్ళకే రెండు మూడు రెట్లు ఎక్కువ వస్తుంది, అయినా వచ్చే మగవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు నోరు విప్పరు.

ఫేస్‌బుక్ నాకు అసలు నచ్చలేదు. పోస్టు పెట్టిన గంటలో పొడులు అమ్మే వాళ్ళు దిగుతారు. "నెల రోజుల్లో వేరుతో సహా తీసేస్తాం", "ఇంగ్లీషు మందులు మానేయండి". ఇలాంటి పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మన దేశంలో కొత్త కాదు. వారంలో వాపు దిగుతుంది, మనిషి లేచి తిరుగుతుంది, ఊరంతా మందు గొప్పదంటారు. కొన్నాళ్ళకు ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముక బోలుపడుతుంది, లోపల కీలు అరగడం ఆగదు. ఆ పొడి ఒక్కసారిగా ఆపేయడమూ ప్రమాదమే, డాక్టర్‌కు పొడి సహా చూపించి మెల్లగా తగ్గించుకోవాలి. అలాంటి కామెంట్లు తీసేయడానికే నా సాయంత్రాలు పోయేవి. ఎండాకాలం తర్వాత ఫేస్‌బుక్ మానేశాను, నష్టమేమీ కనబడలేదు.

ఒంటి మీద భారం కూడా లెక్క వేసుకోండి. ఫోన్ ఒక చేత్తో పట్టుకుని బొటనవేలితో నొక్కడం నాకు మణికట్టు నొప్పి తెచ్చింది. స్టాండు కొన్నాక తగ్గింది, మొదటి రోజే కొనుక్కోండి. రాత్రి పదకొండింటికి ఏడుస్తూ వచ్చే ఫోన్లు ఉంటాయి. తొమ్మిదయ్యాక ఫోన్ పక్క గదిలో పెట్టేయమని మా ఆయన పట్టుబట్టాడు, అది మంచిదే అయింది. నిద్ర చెడితే మర్నాడు కీళ్ళు ఊరుకోవు. నొప్పి బాగా ఎక్కువైన వారాల్లో నేను మెసేజులు పెట్టను, ఎందుకు పెట్టలేదో మాత్రం ఒక్క ముక్కలో చెబుతాను.

రెండో ఏడాదికి ఒకటే విషయం పెట్టుకున్నాను: పెళ్ళయి పిల్లల కోసం చూస్తున్న అమ్మాయిలు. అందరూ విడిగా, రాత్రిపూట, గొంతు తగ్గించి అడిగేది ఇదే. కీళ్ళవాతం ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు. కానీ మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది, అందుకని గర్భం రాకముందే, కొన్ని నెలల ముందుగా, డాక్టర్ దాన్ని ఆపి వేరే మందుకు మారుస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ లాంటివి గర్భంలోనూ వాడతారు. తమంతట తామే గోలి ఆపేసినా, చెప్పకుండా వేసుకుంటూ పోయినా రెండూ ప్రమాదమే. డాక్టరమ్మ వింటే వచ్చే నెలలో ఈ వాయిస్ బయటికి వస్తుంది. అప్పటిదాకా ఆగాల్సిన పని లేదు, పెళ్ళి కుదిరిన రోజే మీ డాక్టర్‌తో ఈ మాట ఎత్తండి.