7542 పచ్చి పుయెర్: వయసుకన్నా నిల్వ ముఖ్యం

చైనాలోని యునాన్ రాష్ట్రంలో మెంగ్‌హాయ్ టీ ఫ్యాక్టరీ తయారుచేసే 7542 అనే పచ్చి పుయెర్ టీని (బిళ్లగా అదిమి, ఏళ్ల తరబడి నిల్వ ఉంచి దానంతటదే మాగనిచ్చే టీ), అందులోనూ 2006 నాటి బిళ్లను, కొన్నేళ్లుగా తాగుతున్నాను. ఆ అంకెల్లో 75 అనేది మిశ్రమం రూపొందిన 1975ను, 4 ఆకు శ్రేణిని, చివరి 2 ఫ్యాక్టరీని సూచిస్తాయి. టీ వయసు మాత్రం వాటిలో ఉండదు. కోసిన ఆకును బాణలిలో వేడిచేసి, నలిపి, ఎండబెట్టి, ఆవిరి పట్టి 357 గ్రాముల బిళ్లగా అదుముతారు. తడిపి కుప్పపోసి వారాల్లో మాగబెట్టే 'వండిన' పుయెర్‌కు భిన్నంగా, ఇందులో మార్పు ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది.

వంద మిల్లీలీటర్ల మూతకప్పుకు ఏడు గ్రాముల ఆకు వేసి, మరుగుతున్న నీళ్లు పోసి, మొదటి కడుగు పారబోస్తాను. ఆ తడి ఆకు వాసన చూస్తేనే సగం సంగతి తెలిసిపోతుంది: పాత చెక్కబీరువా తెరిచినట్టు కర్పూరం కలిసిన ఘాటు వస్తే మంచిది, ముక్కిపోయిన వాసన వస్తే ఆ పూట ఆశ వదులుకోవడమే. పది సెకన్లకు వంచిన తొలి కప్పులు ఎర్రటి తేనెరంగులో ఉంటాయి గానీ, వాటిని బట్టి తీర్పు చెప్పడం తొందరపాటు. నాలుగో కప్పు నుంచి చేదు నాలుక మీద నిలవకుండా గొంతులోకి జారిపోయి, ఆ వెనుకనే తీపి ఊరుతుంది. ఉసిరికాయ నమిలాక మంచినీళ్లు తాగితే కలిగే తీపి లాంటిదే అది. వగరు పూర్తిగా పోలేదు, పోకూడదు కూడా. పదో కప్పు దాటాక రంగు పలచబడినా తీపి మిగిలి ఉంటుంది; పాలూ పంచదారా దీని దరిదాపులకు రానివ్వకండి.

బిళ్లలో సగం విశాఖలో నా దగ్గర, సగం హైదరాబాద్‌లో మా తమ్ముడి ఇంట్లో ఉంచడం వల్ల ఒక తేడా స్పష్టంగా కనిపించింది. హైదరాబాద్ ముక్కలో వేసవి పొడితనానికి సువాసన అణగిపోయి, వగరు ఇంకా కుర్రతనంతో ఉంది. విశాఖ ముక్క మెత్తబడి, చిక్కబడింది; అయితే ఇక్కడి తేమకు బూజు భయం ఎక్కువ కాబట్టి, వర్షాకాలంలో కాగితం విప్పి అంచులు చూస్తూనే ఉండాలి. పోపు వాసన ఇట్టే పట్టేస్తుంది కనుక, వంటింటికి దూరంగా, మూత వదులుగా ఉన్న మట్టికుండలో దాచుకున్నాను.

ధర ఎక్కువే. కాగితం మీది సంవత్సరం చూసి బిళ్ల మొత్తం కొనేకన్నా, అది ఇన్నాళ్లూ ఏ ఊళ్లో నిల్వ ఉందో అడిగి, పాతిక గ్రాముల నమూనా తెప్పించుకోవడం మేలు. కాచిన ఆకును వేళ్ల మధ్య రుద్ది చూడండి. సాగుతూ ముదురాకుపచ్చ ఛాయ మిగిలి ఉంటే కొనవచ్చు, నల్లబడి పిండిలా చితికితే వద్దు.