పృథ్వి మిస్సైల్ మోడల్: లారీకి 5 స్టార్లు, మిస్సైల్‌కి 2

మావాడి స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ ఉందంటే ఆన్‌లైన్‌లో మన దేశపు పృథ్వి-2 మిస్సైల్ మోడల్, దాన్ని మోసే లారీతో సహా తెప్పించా, 849 రూపాయలు, స్కేల్ 1:30, అంటే అసలుదానిలో ముప్ఫయ్యో వంతు అని రాశారు. డబ్బా విప్పగానే ఇదేంట్రా అగరుబత్తీ పుల్లలా ఉంది అనిపించింది. అసలు పృథ్వి కాస్త బొద్దుగా ఉంటుంది, పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అడ్డం 1.1 మీటరు, ఆ లెక్కన బొమ్మ మూడున్నర సెంటీమీటర్ల పైనే లావుండాలి, స్కేల్ పెట్టి కొలిస్తే 2 కూడా లేదు. రెక్కలు మాత్రం కరెక్టే, నడుము దగ్గర నాలుగు పెద్దవి, తోక దగ్గర నాలుగు చిన్నవి, అందులో ఒకటి విరిగొచ్చింది, ఫెవిక్విక్‌తో అతికించా.

లారీ మాత్రం సూపర్. ఎనిమిది చక్రాలూ తిరుగుతాయి, మిస్సైల్‌ని పైకి లేపి నిలబెట్టొచ్చు. నిజంగా కూడా దీనికి ప్రాణం లారీయే, ఒకచోట పెడితే శత్రువు కనిపెట్టేస్తాడు కాబట్టి రావాలి, నిలబెట్టాలి, వదలాలి, చోటు మార్చెయ్యాలి.

అసలు కోపం లోపల పెట్టిన కార్డు మీద. రేంజ్ 5000 కిలోమీటర్లట! అది చాలా దూరం వెళ్ళే ఇంకో మిస్సైల్ అగ్ని-5 సంగతి బాబూ, పృథ్వి-2 ది 350. ఇది షార్ట్ రేంజ్ మిస్సైల్, షార్ట్ రేంజ్ అంటేనే వెయ్యి కిలోమీటర్ల లోపు. మొదట్లో కాసేపు ఇంజిన్ తోస్తుంది, తర్వాత విసిరిన రాయిలా వంపు తిరిగి పడుతుంది, అర టన్ను నుంచి టన్ను దాకా బాంబు మోస్తుంది, బోర్డర్ అవతల ఎయిర్‌ఫీల్డులు, మందుగుండు డిపోలు కొట్టడానికి అది చాలు, అణుబాంబు కూడా పెట్టొచ్చు. ఇంకా ఘోరం, సాలిడ్ ఫ్యూయెల్ అని రాశారు. పృథ్వి-2 ది లిక్విడ్, అందులో నైట్రిక్ యాసిడ్ ఉంటుంది, నింపేవాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉండాలో. ఆ తలనొప్పి లేని సాలిడ్ ఫ్యూయెల్‌ది ప్రళయ్ అనే వేరే మిస్సైల్, 2021 డిసెంబర్ 22న మొదటిసారి పరీక్షించారు, 150 నుంచి 500 కిలోమీటర్లు, దారిలో వంపులు కూడా తిరుగుతుంది.

1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి మొదటి పృథ్వి ఎగిరింది, డిజైన్ చేసింది మన హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ల్యాబ్ డీఆర్‌డీఎల్, ఆ ముక్క కార్డులో ఎక్కడా లేదు. అమ్మినవాళ్ళకి మెసేజ్ పెడితే థాంక్యూ ఫర్ షాపింగ్ అని వచ్చింది.

రిటర్న్ పెడదామంటే మావాడు లారీ వదలట్లేదు. 5000 మీద తెల్ల కాగితం అతికించి స్కెచ్ పెన్‌తో 350 రాసి పంపించా.