తిరుపతిలో "లోకల్ ట్రిప్" ప్యాకేజీ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

తిరుమల దర్శనం అయ్యాక ఒకరోజు కింద ఊరు చూద్దామనుకునే కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. లాడ్జి కౌంటర్ దగ్గరో, రైల్వే స్టేషన్ బయటో ఎవరైనా వచ్చి "పాత తిరుపతి, చంద్రగిరి, కాళహస్తి కలంకారీ, రాయలసీమ భోజనం, అన్నీ కలిపి ఒకటే రేటు" అంటే దయచేసి అడ్వాన్స్ ఇవ్వకండి. పోయిన శుక్రవారం మేం ఇచ్చాం. మావారు, అత్తయ్య, మావయ్యగారు, ఇద్దరు పిల్లలు, నేను. సాయంత్రానికి దాదాపు పదహారు వేలు పోయాయి. అంతకంటే అత్తయ్య మొహం చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

గురువారం దర్శనం చేసుకుని కొండ దిగాం. రైలు శుక్రవారం రాత్రికి. మధ్యలో ఒక రోజంతా ఖాళీ. లాడ్జిలో ఒకతను చాలా మర్యాదగా మాట్లాడాడు. కారు, వెంట మనిషి, మధ్యాహ్నం భోజనం, అన్నీ కలిపి 4,500 అన్నాడు. పెద్దవాళ్ళతో ఎండలో తిరగలేం కదా అనుకుని రెండు వేలు ఫోన్‌పే చేశాం. డబ్బు వెళ్ళింది ఒక వ్యక్తి పేరు మీదకి. రసీదు లేదు, ఏయే చోట్లు చూపిస్తారో కాగితం మీద లేదు. అప్పుడే అడగాల్సింది.

పొద్దున వచ్చిన కారుకు తెల్ల నంబర్ ప్లేటు. అద్దెకు తిప్పే బండికి పసుపు ప్లేటు ఉండాలి. తెల్ల ప్లేటంటే సొంత వాడకం బండి, దారిలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్‌తో పెద్ద తలనొప్పి. పిల్లలు అప్పటికే ఎక్కి కూర్చున్నారని ఊరుకున్నాం.

పాత తిరుపతి చూపించడమంటే ఏమిటో పది నిమిషాల్లో తెలిసిపోయింది. గోవిందరాజస్వామి గుడి గోపురం కనపడేలా కారు స్లో చేసి "అదిగో సార్, లోపల రష్, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత అనేది రానే లేదు. అక్కడి నుంచి నేరుగా చంద్రగిరి. కోటలో రాజమహల్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. తలుపు మూసి ఉంది. రోజూ అదే పనిమీద తిరిగే మనిషికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి అది. 1639లో మద్రాసులో ఇంగ్లీషు వాళ్ళకు కోట కట్టుకోవడానికి స్థలం ఇచ్చిన కథ చంద్రగిరి రాజులతో ముడిపడి ఉంది. మా పెద్దాడికి అది ఏడో తరగతి పాఠం లాంటిది, ఎంతో ఆశగా వచ్చాడు. బయట నుంచే గోడలు చూసి కారెక్కాడు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. కాళహస్తి తీసుకెళ్తానన్నవాడు ఊరి బయట రోడ్డు పక్కన ఒక పెద్ద షాపు ముందు ఆపాడు. "కాళహస్తి కళాకారులదే మేడమ్, అక్కడికంటే ఇక్కడే చవక" అన్నాడు. అత్తయ్యకు ఎన్నాళ్ళ నుంచో ఒక పెన్ కలంకారీ చీర, అంటే బట్ట మీద చేత్తో బొమ్మలు గీసి రంగులు వేసిన చీర, కొనుక్కోవాలని. కుట్టుపని చేసి దాచుకున్న డబ్బు వెంట తెచ్చుకున్నారు. ఒక నెమళ్ళ చీర చూపించి 7,200 అన్నారు. పూర్తిగా విప్పమంటే "మడత పాడవుతుందమ్మా" అంటూ కవర్లో ఉంచే పైట కొంచెం లాగి చూపించారు. పచ్చటి లైట్ల కింద ఏ రంగైనా బాగానే ఉంటుంది. కొన్నాం.

రాత్రి రూములో ట్యూబ్‌లైట్ కింద చీర విప్పి మంచం మీద పరిచాం. అత్తయ్య వేలు పెట్టి చూపించారు. మొదటి నెమలి ముక్కు దగ్గర గీత ఒకచోట తెగి ఉంది. రెండో నెమలికీ సరిగ్గా అక్కడే తెగింది. మూడోదానికీ అంతే. చేత్తో గీసే మనిషి ఒకే చోట మూడుసార్లు తప్పు చెయ్యడు. బట్ట తిరగేస్తే వెనక దాదాపు తెల్లగా ఉంది. స్క్రీన్ ప్రింట్, అంటే ఒకే తెర అచ్చుతో మళ్ళీ మళ్ళీ వేసిన బొమ్మ. బిల్లు తీసి చూశాం. దాని మీద "ఫ్యాన్సీ శారీ – 1" అని మాత్రమే ఉంది. కలంకారీ అన్న మాటే లేదు.

చీర కొనేవాళ్ళు ఇది కొంచెం నిదానంగా చదవండి. శ్రీకాళహస్తి కలంకారీకి 2005లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే చట్టబద్ధమైన గుర్తింపు, వచ్చింది. అక్కడ బట్టను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో పులియబెట్టి చేసే కసిమి అనే రంగుతో నల్ల గీతలు గీస్తారు. కలమంటే వెదురు పుల్ల, దానికి చుట్టిన గుడ్డ. దాన్ని నొక్కుతూ గీస్తారు కాబట్టి గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. రంగు బట్టలోకి ఇంకుతుంది, అందుకే వెనక కూడా బొమ్మ తెలుస్తుంది. ఒకే బొమ్మ పదిసార్లు వేసినా ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. అన్నట్టు కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో వేసేది కూడా అసలు కలంకారీయే, దానికి దాని విలువ ఉంది. కానీ స్క్రీన్ ప్రింట్‌ని చేతిపని రేటుకు అమ్మడం మోసమే. చీర మొత్తం విప్పించి, ఎండలోకి తెచ్చి, తిరగేసి చూడండి. బిల్లు మీద "చేతితో వేసిన పెన్ కలంకారీ" అని రాయమనండి. రాయనంటే లేచి వచ్చేయండి. కాళహస్తి తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపే, బస్టాండ్ నుంచి బస్సులు వస్తూనే ఉంటాయి. గీస్తున్న చేతుల్ని చూసి వాళ్ళ దగ్గరే కొనుక్కోవచ్చు.

భోజనం సంగతి. మా అమ్మమ్మగారిది పుత్తూరు. రాగి సంగటి అంటే నాకు తెలుసు. పొగలు కక్కే ముద్ద, మధ్యలో గుంట చేసి నెయ్యి, పక్కన చెనక్కాయల ఊరిబిండి, అంటే పల్లీల పచ్చడి. వాళ్ళు తీసుకెళ్ళిన హోటల్లో పెట్టింది చల్లారిపోయి, పైన తోలు కట్టిన ముద్ద. ఊరిబిండిలో నీళ్ళే ఎక్కువ. మా చిన్నది రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసింది. మెనూ కార్డు లేదు. భోజనం ప్యాకేజీలోనే అన్నారు కదా అని తిన్నాం. లేవబోతుంటే 4,204 బిల్లు వచ్చింది. "తీసుకురావడమే మా ప్యాకేజీ మేడమ్, తిన్నది మీది" అన్నాడు వెంట వచ్చినతను. బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జి, దాని మీద జీఎస్టీ. జీఎస్టీ నంబరు మాత్రం ఎక్కడా లేదు.

సర్వీస్ ఛార్జి బిల్లులో దానంతటదే వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది. తీసేయమని అడిగే హక్కు మనకుంది. జీఎస్టీ వసూలు చేస్తే బిల్లు మీద 15 అక్షరాల నంబరు ఉండి తీరాలి. ఆ రోజు ఇవన్నీ నాకు తెలుసు. కానీ పిల్లలు అలిసిపోయారు, మావయ్యగారికి షుగర్ టైమ్ అవుతోంది, గొడవ ఎందుకులే అని మావారు కట్టేశారు. వాళ్ళు లెక్కేసుకునేది సరిగ్గా దీన్నే. పెద్దవాళ్ళు, పిల్లలు వెంట ఉన్న కుటుంబం గట్టిగా నిలబడి మాట్లాడదని.

మధ్యాహ్నం మూడున్నరకే లాడ్జి దగ్గర దించేశారు. మిగతా 2,500 కూడా తీసుకున్నాకే కదిలారు. కాసేపు పడుకుని లేచాక మావయ్యగారే "గుడి దగ్గరే కదా, నడిచి వెళ్ళొద్దాం పదండి" అన్నారు.

నిజంగానే దగ్గర. స్టేషన్ నుంచి నడిచే దూరం, గోపురమే దారి చూపిస్తుంది. ఈ ఊరు పుట్టిందే ఆ గుడి చుట్టూ. 1130లో రామానుజాచార్యులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించారని, ఆ చుట్టూ వీధులు ఏర్పడి ఊరైందని చెబుతారు. ఏడంతస్తుల పెద్ద గోపురం మట్ల అనంతరాజు కట్టించింది. స్వామి శయనించి ఉంటాడు. తమ్ముడి పెళ్ళి అప్పు తీర్చడానికి కాసులు కొలిచి కొలిచి అలిసి, ఆ కుంచాన్నే తలకింద పెట్టుకుని పడుకున్నాడని అత్తయ్య పిల్లలకు చెప్పారు. పొద్దుటి నుంచి మా చిన్నది నవ్వింది అప్పుడే.

మాడవీధుల్లో పూలబుట్టలు, ఇత్తడి సామాన్లు, చెక్క బొమ్మలు చూసుకుంటూ మెల్లగా తిరిగాం. ఒక సందులో నాలుగు బల్లలున్న చిన్న హోటల్, గోడ మీద రేట్లు రాసి ఉన్నాయి. ఎర్రకారం పూసిన దోసెలు పెనం మీద నుంచి నేరుగా ఆకులోకి వచ్చాయి. చెనక్కాయల చట్నీ అడిగినన్నిసార్లు వేశారు. ఆరుగురికీ 410 రూపాయలు అయింది. ఏ గైడూ లేడు, ఏ ప్యాకేజీ లేదు. పొద్దున్నే ఇలా చేసి ఉంటే చంద్రగిరి ఇంకో రోజుకు పెట్టుకునేవాళ్ళం, అత్తయ్య డబ్బు అత్తయ్య దగ్గరే ఉండేది.

చీర గురించి షాపుకు ఫోన్ చేస్తే "బిల్లులో ఏముందో అదే ఇచ్చాం" అన్నారు. విజయవాడ వచ్చాక 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి చీర మీదా, హోటల్ బిల్లు మీదా విడివిడిగా ఫిర్యాదులు ఇచ్చాను. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, రెండు బిల్లులు, మూడు నెమళ్ళ ఫోటోలు దగ్గర పెట్టుకున్నాను. ఫిర్యాదు నంబర్లు వచ్చాయి, జవాబు ఇంకా రాలేదు. అత్తయ్య ఆ చీర కట్టనన్నారు. సాక్ష్యంగా కావాలని మడత పెట్టి, బిల్లుతో సహా బీరువాలో ఉంచాను.