పెరట్లోకి ఏ పుంజు మేలు: అసీలా, వనరాజానా, నాటుదా?

వరంగల్ చుట్టుపక్కల హసన్‌పర్తి, మడికొండ, మామునూరు దిక్కు పెరట్లో పదిలోపు కోళ్లు పెంచుకునే ఇళ్లలో పెట్టలతో పేచీ ఉండదు. టెన్షనంతా పుంజుతోనే. వాకిలి ఊడుస్తుంటే వెనక నుంచి ఎగిరి పిక్కల మీద తన్నే పుంజు ఒక్కటుంటే చాలు, చుట్టాలు కూడా గేటు బయటే నిలబడి పిలుస్తారు.

గుడ్ల కోసమే అయితే అసలు పుంజే వద్దు. అది లేకున్నా పెట్ట గుడ్డు పెడుతుంది. తెల్లారకముందే మొదలయ్యే కూతతో పక్కింటివాళ్ల మాటలు పడే పని కూడా తప్పుతుంది. కోడిపిల్లలు కావాలంటేనే ఈ లెక్కంతా.

పందెం కోడి జాతి అసీల్ అనగానే జనం భయపడతారు గానీ, అది మనిషి దగ్గర చాలావరకు నెమ్మదే. దాని కసి అంతా ఇంకో పుంజు మీద. పక్కింటి పుంజు గోడెక్కితే నెత్తురు కారేదాకా వదలదు. పైగా పందేనికి అడిగేవాళ్లు తిరుగుతారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం పందేలు నేరం, ఆ తలనొప్పి మనకెందుకు?

రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన వనరాజా సాధు రకం. పిల్లలున్న ఇంటికి బాగుంటుంది. కానీ బరువెక్కువ. మూడు కిలోలు దాటిన పుంజు జతకట్టేటప్పుడు కిలోన్నర నాటుపెట్టను తొక్కితే వీపు మీద ఈకలు ఊడిపోతాయి. కుక్క తరిమితే చురుగ్గా తప్పించుకోలేదు కూడా.

నా ఓటు నాటు పుంజుకే. గద్ద నీడ పడగానే అరిచి మందను పొదల్లోకి తోలుతుంది. గుణం మాత్రం లాటరీ. అందుకే ఒకేసారి పొదిగిన పిల్లల్లో రెండు పుంజుపిల్లలను ఉంచుకుని, ఆరు నెలలప్పుడు ఒకదాన్ని ఎంచుకోవాలి. సాయంత్రం గుప్పెడు నూకలు చల్లి చూడండి. మంచి పుంజు గింజను ముక్కుతో ఎత్తి, కిందేసి, కొక్కొక్కుమని పెట్టలను పిలుస్తుంది, తాను తర్వాత తింటుంది. రెండోది పెట్టలను పొడిచి ముందు తన కడుపు నింపుకుంటుంది. అది వద్దు. చేతుల్లో గారాబంగా పెరిగిన పుంజుతోనూ జాగ్రత్త. మనిషంటే భయం లేని పుంజే ఎక్కువగా మనిషి మీదికి వస్తుంది. ఎనిమిది, పది పెట్టలకు ఒక్క పుంజు సరిపోతుంది.

ఉన్న పుంజే ఎగబడుతుంటే? ఒక రెక్క దించి, పక్కకు పక్కకు అడుగులేస్తూ దగ్గరికొస్తే సవాలు విసిరినట్టే. పరుగెత్తితే అది గెలిచినట్టు, తన్నితే యుద్ధం ఒప్పుకున్నట్టు. కదలకుండా నిలబడి, వీలైతే రెక్కలు అదిమి పట్టుకుని చంకన పెట్టుకుని కాసేపు తిప్పండి. కొన్నిటికి ఇది పనిచేస్తుంది. కాలి ముల్లు కొసను ఆకురాయితో మొద్దుబార్చవచ్చు. లోపల నెత్తురుంటుంది కాబట్టి మొదట్లోకి కోయొద్దు. చిన్నపిల్లలు ఆడుకునే వేళ మాత్రం గంప కింద మూసేయాల్సిందే, కంటికి తగిలితే చాలా ప్రమాదం.

ఇన్ని చేసినా పిల్లల మీదికే వస్తుంటే కూరే. ముదురు పుంజు కాబట్టి కుక్కర్‌కు విజిల్స్ ఎక్కువ పెట్టాలి. అది పోయాక కూడా వారం రోజుల దాకా పెట్టలు పెట్టే గుడ్లు పొదుగుకు పనికొస్తాయి, ఆలోపు ఇంకో పుంజును చూసుకోవచ్చు.